అమ్మ ముఖం లేని పటం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ ఫొటో అంటూ ఒక్కటీ లేదన్న సంగతి, అమ్మ పోయిన తర్వాతే మాకు తెలిసింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ దాని అవసరం పడలేదు. అప్పుడు మేము పుంగనూరులో ఉండేవాళ్లం. తొంభైల నడిమి సంవత్సరాలు, నాకు పదేళ్లు. కార్తీకమాసం ముసురులో అమ్మకు కామెర్లు వచ్చాయి. ఆసుపత్రికి నడిచి వెళ్లి బస్సెక్కిన మనిషి, వారం తిరిగేసరికి ప్రాణం లేకుండా ఇంటికి వచ్చింది.

నాయన ఇల్లంతా వెతికాడు. పెళ్లి ఫొటోలు ట్రంకుపెట్టె అడుగున ఉండేవి. వాటిని చెదలు తినేశాయి, అట్ట మీద నాయన చెప్పులూ అమ్మ చీర అంచూ మాత్రం మిగిలాయి. రేషన్ కార్డులో నాయన బొమ్మ ఒక్కటే ఉంది. చివరికి పక్కనున్న సదుంలో ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటో ఒకటి దొరికింది. అందులో అమ్మ ఉంది. కానీ సరిగ్గా ఆ క్షణాన నేనేదో అల్లరి చేస్తుంటే చెయ్యి పట్టి లాగడానికి పక్కకు తిరిగినట్టుంది. చెవికమ్మ, జడ, ఒక భుజం, అంతే. నేను మాత్రం నోరంతా తెరిచి నవ్వుతూ చక్కగా పడ్డాను. ఆ ఫొటో చేతులు మారినప్పుడల్లా అందరూ మొదట నన్నే చూసేవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు కానీ, నాకు మాత్రం అక్కణ్ణుంచి లేచి ఎక్కడికైనా పోవాలనిపించేది.

పదకొండో నాడు దివసం, పెద్దకర్మ. ఆ రోజు నట్టింట్లో పీట మీద పటం పెట్టి దండ వెయ్యాలి. పటమే లేకపోతే దండ దేనికి వేస్తారు? ముత్తైదువగా పోయిన మనిషికి ఆ మాత్రం మర్యాద జరగకపోతే ఎట్లా అని వచ్చినవాళ్లంతా గొణిగారు. అప్పుడు మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, తన కొడుకు వైపు చూసింది.

ఆ కొడుకే మా మామ. అమ్మకు తమ్ముడు. మదనపల్లెలో బోర్డులు రాసేవాడు. సినిమా హాలు ముందర నిలబెట్టే నిలువెత్తు బొమ్మలూ ఆయనే వేసేవాడు. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లు చిన్న ఫొటో తెచ్చిచ్చేవాళ్లు. ఆయన దాని మీద సన్నగా గళ్లు గీసి, గడికి గడి పెంచి, గోడకు తగిలించే పటమంత చేసిచ్చేవాడు. టమోటా మండీల వాళ్ల ఇళ్లలో సగం మంది తాతలు మా మామ చేతి మీదుగానే గోడలెక్కారు. చిన్నదో పెద్దదో, చూసి వెయ్యడానికి ఒక ఫొటో ఉండాలి. ఇక్కడ అదే లేదు. అయినా తోడబుట్టినవాడు కదా, ముఖం తలుచుకుని వెయ్యలేడా అన్నారు అందరూ. మామ సరేనన్నాడు. మదనపల్లె వెళ్లి గుడ్డ బిగించిన చట్రం, రంగుల డబ్బాలు బస్సు మీద వేసుకుని వచ్చి, మా వీధి గదిలో కూర్చున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు ఏడుపు రాలేదు. శవం లేచినప్పుడు రాలేదు, తర్వాతా రాలేదు. అన్నం పెడితే తినేదాన్ని, రుచి తెలిసేది కాదు. ఎవరో దగ్గరికి తీసుకుంటే, వాళ్ల చీర నా బుగ్గకు గరుగ్గా తగలాల్సింది, అదీ తగిలేది కాదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది. వచ్చినవాళ్లు నా ముఖంలోకి చూసి, పిల్ల రాయి మాదిరి ఉండాదే అనుకునేవాళ్లు. నాకూ అదే భయం. అమ్మ మీద నాకు ప్రేమ లేదేమోనని లోలోపల ఒకటే వణుకు. అందుకని చేతులకు పని పెట్టాను. గిన్నెలు తోమేదాన్ని, తోమినవే మళ్లీ తోమేదాన్ని. పని చేస్తున్న పిల్లను ఎవరూ ఏమీ అడగరు.

మామ మూడు రోజులు వేశాడు. నాలుగో రోజు చూస్తే గుడ్డ మీద ఒక ఆడమనిషి ముఖం. పెద్ద కళ్లు, నున్నటి బుగ్గలు, పెదవుల మీద మెరుపు, గుండ్రటి బొట్టు. చూసిన ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. మహాలక్ష్మి మాదిరి ఉండాదన్నారు. నాయన కళ్లు తుడుచుకున్నాడు. మామ మాత్రం కుంచె చేతిలో పట్టుకుని, వాళ్లందరినీ దాటి, గడప దగ్గర నిలబడిన నన్ను పిలిచాడు.

"పాపా, ఇది మీ అమ్మ మాదిరి ఉండాదా?"

నేను దగ్గరికి వెళ్లి చూశాను. "తెల్దు మామా" అన్నాను. అబద్ధం కాదు. నాకు నిజంగానే తెలియలేదు. అమ్మ ముఖం ఎట్లా ఉండేదని లోపల వెతికితే, ఆ బొమ్మే అడ్డం వచ్చింది. నాలుగు రోజులుగా దాన్నే చూస్తున్నాను మరి. నేను ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి మామ నా ముఖంలో చూశాడు కాబోలు. అందరూ అక్కడే ఉండగానే, గుడ్డపీలికను కిరోసిన్‌లో ముంచి ఆ ముఖాన్ని అడ్డంగా తుడిచేశాడు. పదేళ్లుగా సినిమా ముఖాలు వేసిన చెయ్యి, దానికి వచ్చిన ముఖమే అది వేస్తాండాది, మా అక్కది కాదు అన్నాడు అవ్వతో. దివసానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఆ సాయంత్రం మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముఖం జోలికి ఇక పోవద్దని, అక్క రోజూ ముట్టుకున్న వస్తువులు నాలుగు ఉంటే తెచ్చిపెట్టమని చెప్పాడు. వాటిని ఎదురుగా పెట్టుకుని, ఫొటో తీసినట్టుగా, ఉన్నవి ఉన్నట్టు వేస్తానన్నాడు. దండ దానికే వేద్దామన్నాడు. నేను తలూపాను. ఒక పని దొరికినందుకు నాకు హాయిగా కూడా ఉంది.

పొద్దున్నే వస్తువులన్నీ ఒకచోట చేర్చాను. అమ్మ నీళ్లు తాగే స్టీలు చెంబు. పక్కింటి వాళ్లకు రవికెలు కుట్టేటప్పుడు మెడలో వేసుకునే కొలత టేపు. కొమ్ము దువ్వెన. పటంలోకి ఎక్కబోయే వస్తువులు కదా, పండగకు గిన్నెలు సిద్ధం చేసినట్టే చేశాను. చెంబును చింతపండు పులుసు పెట్టి తోమాను. టేపును సబ్బునీళ్లలో నానబెట్టి రుద్దాను. దువ్వెన పళ్ల మధ్య ఉన్న వెంట్రుకలు ఒక్కొక్కటే లాగి చుట్టచుట్టి పెరటి దిడ్డివాకిలి అవతల పారేశాను. నూనె జిడ్డు పోయేదాకా వేడినీళ్లు పోశాను. అన్నీ తళతళలాడుతుంటే పళ్లెంలో పెట్టుకుని తీసుకుపోయాను.

మామ ముందు దువ్వెన అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత చెంబును వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఎవురు తోమినారు?"

"నేనే."

ఆయన నన్ను తిట్టలేదు. పళ్లెం మెల్లగా కింద పెట్టి, వీధిలోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. నాకప్పుడు అర్థమైంది నేనేం చేశానో. చెంబు మీద అమ్మ వేళ్ల జిడ్డు ఉండింది, టేపు మీద మెడ చెమట ఉండింది, దువ్వెనలో ఆమె వెంట్రుకలే ఉండినాయి. అమ్మలో మిగిలిందంతా నా చేత్తో నేనే కడిగేశాను. దిడ్డివాకిలికి పరుగెత్తాను. రాత్రి వాన నీళ్లింకా కాలవలో పారుతున్నాయి. వెంట్రుకల చుట్ట కనిపించలేదు.

మామ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను. నీకు తెలుసు కదా, నాలుగు వెంట్రుకలు దువ్వెనకు నువ్వే వెయ్యి మామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"లేంది నేను పెట్టను పాపా. తలుసుకోని పెడితే ఏమాయనో సూసినావు గదా. ఇప్పుడు ఏముండాదో అదే పెడదాం. కడిగింది నువ్వే గదా, అదీ ఉండనీ."

ఆ మాట నాకు ఓదార్పుగా తోచలేదు, శిక్షగా తోచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రెంటిలో ఏదో నేను తేల్చుకోలేకపోయాను.

కిటికీ పక్కన ముక్కాలిపీట వేసి, మీద తెల్లగుడ్డ పరిచి, వస్తువులు పెట్టాడు. వాటికి ముందు ఒక చట్రం నిలబెట్టి అడ్డంగా నిలువుగా దారాలు కట్టాడు. గుడ్డ మీదా అంతే కొలతలో అన్ని గళ్లే గీశాడు. తొమ్మిది గంటల నుంచి పదకొండు దాకా ఆ కిటికీలో వెలుతురు ఒకే తీరున పడేది. ఆ రెండు గంటలే పని, తర్వాత తలుపు మూసేవాడు. పీటను ఎవరూ కదిలించకుండా చూడటం నా వంతు. ఊరకే కూర్చోనివ్వలేదు. ఒక దారపు గడి చూపించి అందులో ఏముందో చెప్పమనేవాడు. చెంబు అన్నాను. చెంబన్న మాట పక్కన పెట్టి, ఆ గడిలో కంటికి కనిపించేది చెప్పమన్నాడు. నాకు ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఒక నల్లటి చార కనిపించింది. దాని పక్కన కిటికీ వంకరగా, ఆకాశం ముక్క, నా గౌను ఎరుపు, ఇంకా కిందికి చూస్తే వీధి అరుగు మీద తల వంచుకుని కూర్చున్న నాయన, చీమంత. నాయన అట్లా కూర్చుని ఉన్నాడని అప్పటిదాకా నేను గమనించనేలేదు. చెప్పిందల్లా మామ వేశాడు. నేను తోమినప్పుడు పడిన సన్నటి గీతలు కూడా వదల్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం అవ్వ నన్ను పిలిచి, అమ్మ కుంకుమ భరిణె నింపి పెట్టమంది. మా వైపు ఒక ఆచారం ఉంది. భర్త బతికుండగా పోయిన ఆడమనిషి కుంకుమను దివసం నాడు వచ్చిన ముత్తైదువులందరికీ ఇస్తారు. అందరూ భరిణెలో వేలు పెట్టి బొట్టు తీసుకుంటారు. ఆ అదృష్టం తమకూ దక్కాలని వాళ్ల ఆశ. కుంకుమ పొట్లం ఒక చేత, భరిణె ఒక చేత పట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. చెక్క మూత ముసురుకు ఉబ్బి, గట్టిగా పట్టేసుంది. అందుకే వస్తువులు తోమిన రోజు దాన్ని పైపైన తుడిచి, పళ్లెంలో పెట్టకుండా వదిలేశాను. ఎట్లాగో తిప్పి తీశాను. పొట్లం విప్పి వంచబోతూ, లోపలికి చూశాను.

కుంకుమలో ఒక పక్కగా గుంత ఉంది. రోజూ ఒకే వేలు, ఒకే చోట అద్దగా అద్దగా పడిన గుంత. అంచు నున్నగా, అడుగున గోరు తగిలిన సన్నటి గీత. అమ్మ ఉంగరపు వేలితో బొట్టు పెట్టుకునేది. ఆసుపత్రికి పోయే రోజు కూడా పెట్టుకునే బయలుదేరింది. పొట్లం పక్కన పెట్టాను. ఊపిరి బిగబట్టి, భరిణెను రెండు చేతుల్లో పట్టుకుని లేచాను. వంటింటి నుంచి వీధి గదికి పది అడుగులుంటాయి. ఏ అడుగులో తూలినా కుంకుమ జారి గుంత పూడిపోతుంది. అంత నెమ్మదిగా నేను అంతకు ముందూ నడవలేదు, తర్వాతా నడవలేదు.

మామ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెంబూ దువ్వెనల మధ్య చోటు చేసి, నా చేతులతోనే పెట్టించాడు. అప్పట్నుంచి ఆ గదిలోకి ఈగ వచ్చినా నేను లేచేదాన్ని. కుంకుమ గళ్లు చివర వేస్తానన్నాడు మామ. ఎరుపులో ఎరుపు, నీడ ఎంత, వెలుతురు ఎంతో తేలాలంటే మంచి ఎండ కావాలన్నాడు. ఎండేమో రాలేదు. తొమ్మిదో రోజు మబ్బు, పదో రోజు మబ్బు. మామ కుంచె కడుక్కుని ఊరికే కూర్చున్నాడు. దివసం నాడు ఆ ఒక్క భరిణెను మాత్రం ఆడవాళ్లకు ఇవ్వకుండా ఉంచమని అవ్వను అడిగితే, ఆమె వినలేదు.

"నా బిడ్డకు దక్కిందే అది ఒగటి. ముత్తైదువ అనే పేరు. దాన్ని గూడా లేకుండా సేస్తావా?"

మామ తిరిగి గదిలోకి పోయాడు. నాకు అవ్వ మీద కోపం రాలేదు.

పదకొండో నాడు పొద్దున్న ఎండ కాసింది. మామ స్నానం కూడా చెయ్యకుండా కూర్చున్నాడు. పది కల్లా ఇంటి నిండా ఆడవాళ్లు. పూజ అయిపోయింది, పీట మీద పటం చోటు ఖాళీగా ఉంది, కుంకుమ ఎక్కడని అడుగుతున్నారు. అవ్వ తలుపు తట్టింది. నేను బయటికొచ్చి, తలుపు దగ్గరేసి, దానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంగా రెండు గడులు ఉండాయవ్వా" అన్నాను.

అన్ని రోజుల్లో నేను పైకి గట్టిగా అన్న మాట అదే. పిల్లకు ఇంత పొగరా అని ఎవరో అన్నారు. చాలామంది ఊళ్లకు బస్సు పట్టుకోవాలి. అవ్వ నన్ను పక్కకు నెట్టి లోపలికి వచ్చింది. మామ తల తిప్పలేదు. అవ్వ పటాన్ని చూడలేదు, సరాసరి పీట దగ్గరికి వెళ్లి భరిణె అందుకోబోయి, దాని మీదికి వంగి, లోపలి గుంత చూసి ఆగిపోయింది. చాలాసేపు అట్లాగే వంగి ఉంది. భర్త పోయిన మనిషి, ఆ కుంకుమను ఆమె ముట్టుకోకూడదు. చాపిన చెయ్యిని తన రొమ్ముకు ఆనించుకుంది. తర్వాత వాకిలి దగ్గరికొచ్చి, వచ్చినవాళ్లతో మామూలు గొంతుతోనే చెప్పింది.

"కొంచెం తాళండమ్మా. ఇంగా కాలేదు."

వాళ్లు కూర్చున్నారు. ఒకరిద్దరు బస్సుకు వెళ్లిపోయారు. అవ్వ గడప మీద కూర్చుంది, నేను ఆమె పక్కన కూర్చున్నాను. మామ ఆ రెండు గళ్లూ నింపి, కుంచె కింద పెట్టి, అయింది అన్నాడు.

భరిణె తెచ్చి నా చేతికిచ్చారు. కూతుర్ని కాబట్టి పంచాల్సింది నేనే. ముందు నువ్వు పెట్టుకోమంది అవ్వ. అన్ని రోజులు కాపలా కాసినా ఆ గుంతను నేను ముట్టుకోలేదు. ఉంగరపు వేలు అందులో పెట్టాను. నా వేలు సన్నం. చుట్టూ ఖాళీ మిగిలింది. అడుగున కుంకుమ చల్లగా తగిలింది. పదకొండు రోజుల తర్వాత నా ఒంటికి మొదట తెలిసింది ఆ చల్లదనమే. అమ్మ లేదని తెలిసిందీ అప్పుడే. ఏడుపు మాత్రం రాలేదు. బొట్టు పెట్టుకుని, వరసన అందరి దగ్గరికీ వెళ్లి భరిణె పట్టుకున్నాను. ఒక్కో వేలూ దిగుతుంటే అంచు విరిగింది, గోటి గీత చెరిగింది. సగం మంది కాకముందే గుంత లేదు. చివరిదాకా పట్టుకున్నాను.

పీట మీద పటానికి దండ వేశారు. చెంబుకూ దువ్వెనకూ దండేమిటని వెనకాల నవ్వినవాళ్లు నవ్వారు. నాయన మాత్రం దగ్గరికొచ్చి, చెంబులో కనిపించిన తనను తాను చూసుకుని, అక్కడే చతికిలబడ్డాడు.

ఇప్పుడు నేను అమ్మ కంటే పదేళ్లు పెద్దదాన్ని. మామ పోయాడు, అవ్వ పోయింది. చావు జరిగిన ఇంటికి వెళ్తే, అక్కడెవరో ఒక ఆడపిల్ల చీపురో పీచో పట్టుకుని వదలకుండా పని చేస్తూ కనిపిస్తుంది. నేను ఆ పిల్లను ఓదార్చను, ఏడవమనీ చెప్పను. చేతిలో ఉన్నదాన్ని కడిగే ముందు ఒక్కసారి చూడమ్మా అంటాను. కొందరు నా వైపు వింతగా చూస్తారు.

అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. ఈ మాట చెప్పడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. మీ అమ్మ ఎట్లా ఉండేదని నా కూతురు అడిగితే, అందంగా ఉండేదని చెప్పి తప్పించుకోవచ్చు. తెల్దు అనే చెబుతాను. అప్పుడప్పుడూ స్నానం చేసి అద్దం ముందు నిలబడి కుంకుమలో వేలు పెడతాను. పటం దగ్గరికి వెళ్లి ఆ వేలు అందులోని గుంత పక్కన ఆనించి చూస్తాను. ముప్పై ఏళ్ల వయసు దాకా కాస్త ఖాళీ ఉండేది. ఇప్పుడు నా వేలే లావు.